వేక్ నుంచి మిడ్వేకు ఐదు గంటల పది నిమిషాలు

వేక్, మిడ్వే అని పసిఫిక్ మహాసముద్రంలో రెండు దీవులున్నాయి. రెండూ కలిపినా మా పక్క పల్లె పొలిమేరంత ఉండవు. విమానాలు దిగి పెట్రోలు పోసుకుని మళ్ళీ ఎగరడానికి తప్ప అవి దేనికీ పనికిరావని చదివాను. అలాంటి రెండు దీవుల మధ్య ఎన్ని మైళ్ళున్నాయో, విమానానికి ఎంతసేపు పడుతుందో తేలితే తప్ప ధర్మవరం పిల్ల కమలాక్షి హిందూపురంలో కాపురం చెయ్యడానికి వీల్లేదని 1955లో రెండు ఊళ్ళ పెద్దమనుషులు తీర్మానించారు. తేల్చే పని నా నెత్తిన పడింది.

నా పేరు వెంకటేశులు. అప్పట్లో పెనుకొండ బోర్డు హైస్కూల్లో లెక్కలూ భూగోళమూ చెప్పేవాణ్ణి. నాకు శకునాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద కూడా అంతంతమాత్రమే. లెక్క మీద మాత్రం ఉండేది. లెక్క ఎవరి మొహమూ చూడదని పిల్లలకు చెబుతుండేవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగం విరమించి ఏడాదయింది కాబట్టి, ఆ మాట నేను ఎంతవరకు నిలబెట్టుకున్నానో రాయడానికి తీరిక దొరికింది.

సంగతి మొదటినుంచి చెప్పాలి. ధర్మవరంలో శ్రీరాములు అని పట్టుచీరలు నేసే మనిషి ఉండేవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఆ ఏడు అమెరికాలో ఏదో పెద్ద ప్రదర్శన పెడుతున్నారనీ, అక్కడ మగ్గం బిగించి జనం ముందు చీర నేసి చూపించాలనీ సర్కారువాళ్ళు ఆయనను ఎంచారు. ఆయనకు భాష రాదు కాబట్టి చేనేత శాఖ ఇన్‌స్పెక్టరు యోహానును తోడు పంపారు. శ్రీరాములుకు, ఆయన భార్య కుళ్ళాయమ్మకు పిల్లలు లేరు. కుళ్ళాయమ్మ చెల్లెలు పురిట్లో పోతే ఆ బిడ్డను వీళ్ళే పెంచారు. ఆ బిడ్డే కమలాక్షి. హిందూపురంలో పట్టునూలు వ్యాపారం చేసే గోవిందప్ప కొడుకుతో ఆ పిల్లకు పెళ్ళి కుదిరింది. ముహూర్తం వైశాఖంలో ఒక సోమవారం పొద్దున ఎనిమిదీ పదికి. శ్రీరాములు ప్రయాణం అంతకు ముందే. అమెరికావాళ్ళను ఆగమనడానికి లేదు, ముహూర్తం మార్చడానికి గోవిందప్ప ఒప్పుకోలేదు. శ్రీరాములు శుభలేఖ ఒకటి చొక్కా జేబులో పెట్టుకుని, ధర్మవరం స్టేషను గడియారం చూసి తన చేతి గడియారం సరిచేసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

పెళ్ళి ధర్మవరంలోనే జరిగింది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తాళి తాడు అంగట్లో కొనరు. ఇంట్లో పెద్ద ముత్తైదువ తెల్లవారి తలస్నానం చేసి, తొమ్మిది పోగులు తీసుకుని తన చేత్తో పేని, పసుపు పూసి ఇవ్వాలి. కుళ్ళాయమ్మ తల్లి కుళ్ళాయమ్మకు పేనింది. కుళ్ళాయమ్మ కమలాక్షికి పేనింది. ఆమె పేనిన తాడులో ఎక్కడ చూసినా ఒకటే లావు ఉంటుందని ఆ వీధిలో చెప్పుకునేవాళ్ళు. అందరూ భోంచేశారు, పెళ్ళికూతురు హిందూపురం వెళ్ళింది.

గురువారం తంతి వచ్చింది. పోస్టుమాస్టరు చదివి చెప్పాడు. శ్రీరాములు ఆదివారం నాడు విమానంలో గుండె ఆగి చనిపోయాడని, అక్కడే ఒక దీవిలో మట్టి చేశారని అందులో ఉంది. ఆ ఏడుపుల్లో వారం సంగతి ఎవరికీ తట్టలేదు. హిందూపురంలో గోవిందప్ప భార్య నరసక్కకు మాత్రం తట్టింది. ఆయన పోయింది ఆదివారం. పెళ్ళి సోమవారం.

"తాడు తెగినామె పేనిన తాడప్పా అది! నా కొడుకు దాన్ని కట్టినాడు!" అని ఆమె నట్టింట్లో కూలబడి ఏడ్చిందట. ఆమెను నేను తప్పుపట్టను. ఒక్కడే కొడుకు. భయం నిజమైనదే.

తాడు పాతబడితే కొత్తది వేసుకోవడం అన్ని ఇళ్ళలోనూ ఉంది కదా అని ఎవరో అన్నారు. మొదటి తాడు సంగతి వేరేనని ఇంకెవరో అన్నారు. ఆ తాడు చెల్లకపోతే పెళ్ళే చెల్లదు. తీసేసి మళ్ళీ కట్టిద్దామంటే, మొగుడు బతికి ఉండగా మెడలో తాడు తీయడం ఇంకా అరిష్టం. ఉంచినా తప్పే, తీసినా తప్పే. తేలేదాకా పుట్టింట్లో ఉండమని కమలాక్షిని ధర్మవరం పంపేశారు. పెద్దమ్మా కూతురూ ఒకే ఇంట్లో మూడు వారాలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా గడిపారని తర్వాత విన్నాను.

అప్పుడు చేనేత శాఖనుంచి వివరంగా ఉత్తరం వచ్చింది. దాంతో తేలడం అటుంచి, ఉన్నది కూడా చిక్కుపడింది. విమానం వేక్ దీవినుంచి సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు బయలుదేరిందట. మిడ్వే దీవిలో ఆదివారం సాయంత్రం ఆరూ నలభైకి దిగిందట. రెండు దీవులకూ సరిగ్గా నడుమ ఉండగా శ్రీరాములు కుర్చీలో నిద్రలోనే పోయినట్టు పైలట్ పుస్తకంలో రాశాడట.

"సోమవారం ఎక్కి ఆదివారం దిగినాడా? దిగినాక ఎక్కినాడా? మన చెవిలో పూలు పెడ్తాండారు," అన్నాడు గోవిందప్ప.

రెండు పక్షాలూ కలిసి పెనుకొండ వచ్చాయి. ధర్మవరానికీ హిందూపురానికీ రైల్లో నడుమ ఊరు మాదే కాబట్టి ఎవరూ ఎవరి గడప తొక్కినట్టు కాదు. ముందు పురోహితుణ్ణి అడిగారు. ఆయన పంచాంగం అటూ ఇటూ తిప్పి, ఇది పంచాంగంలో తేలేది కాదు పటంలో తేలేది అని, నా పేరు చెప్పి చేతులు దులుపుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున అందరూ బడికి వచ్చారు. నా గదిలో బల్లల మీద గోవిందప్ప, నరసక్క, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు కూర్చున్నారు. కుళ్ళాయమ్మ వాకిలి పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. బొట్టు లేదు, చేతులు బోసిగా ఉన్నాయి. నలభై దాటి ఉండవు. కమలాక్షి వరండాలో ఉంది. పెళ్ళికొడుకు ఆవరణలో వేపచెట్టు కింద నిలబడి, వరండా వైపు చూడాలా వద్దా అన్నట్టు తల తిప్పుతున్నాడు. నాకు చిరాగ్గా ఉంది. ఆ ఆదివారం నేను ముప్పై ఎనిమిది జవాబు పత్రాలు దిద్దాలి.

గ్లోబు తెచ్చి బల్ల మీద పెట్టాను. పొద్దు అన్నిచోట్లా ఒకేసారి పొడవదనీ, తూర్పుకు పోయేకొద్దీ గడియారాలు ముందుంటాయనీ, అలా ముందుకు ముందుకు పోతూ భూమి చుట్టూ తిరిగి వచ్చేసరికి ఒకరోజు తేడా వస్తుందనీ, ఆ తేడాను సర్దడానికి నడిసముద్రంలో ఒక గీత అనుకున్నారనీ చెప్పాను. గీతకు ఇవతల సోమవారమైతే అవతల ఇంకా ఆదివారమే.

"మనుషులు గీత గీస్తే వారం మారిపోతాదా?" అన్నాడు గోవిందప్ప.

నాకు కోపం వచ్చింది. ఇదే ప్రశ్న పదేళ్ళుగా ఫోర్తుఫారం పిల్లలు అడుగుతున్నారు. నేను మళ్ళీ మొదలుపెట్టబోతుంటే గోడ దగ్గరనుంచి కుళ్ళాయమ్మ అంది.

"చుట్టూ తిరిగొచ్చిన పడుగు యాడో ఒక తావ కోయాల్సిందే కదన్నా. కోస్తేనే కదా మొదులు యాడ, తుద యాడ అని తెలిసేది. ఎవురి ఊరి నడుమ కోస్తే ఆ ఊరోల్లు ఊరుకోరని సముద్రంలో కోసినారేమో."

పట్టునూలు అమ్మే మనిషికి, మగ్గమెక్కే ముందు చుట్టూ తిప్పి చుట్టే పడుగు నూలు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. గోవిందప్ప తల ఊపాడు. ఆ మాట నాకు పదేళ్ళలో తట్టలేదు. తర్వాత నేను రిటైరయ్యేదాకా పిల్లలకు అలాగే చెప్పాను.

కానీ గోవిందప్ప అంతటితో వదల్లేదు. వ్యాపారం చేసే బుర్ర కదా.

"సరే అయివారూ, గీత ఉండాదనే అనుకుందాం. ఆ కాయితం రాసిన గుమాస్తా సోమవారం అని తప్పు రాసినాడేమో! ఆదివారం పన్నెండున్నరకి ఎక్కి, అదే ఆదివారం ఆరూ నలభైకి దిగినాడనుకో. అప్పుడు ఆదివారం పోయినట్లే కదా?"

మూర్ఖుడి ప్రశ్న కాదు అది. నల్లబల్ల మీద రెండు లెక్కలూ వేశాను. గోవిందప్ప చెప్పినట్టు గీతా గాతా లేకుండా ఒకే రోజున ఎక్కి దిగితే, పన్నెండున్నరనుంచి ఆరూ నలభైకి ప్రయాణం ఆరు గంటల పది నిమిషాలు. ఉత్తరంలో ఉన్నట్టు గీత దాటి ఉంటే, మన టైములోకి మార్చి చూడాలి. వేక్‌లో సోమవారం పన్నెండున్నర అయినప్పుడు మనకు సోమవారం పొద్దున ఆరు. మిడ్వేలో ఆదివారం సాయంత్రం ఆరూ నలభై అయినప్పుడు మనకు సోమవారం పొద్దున పదకొండూ పది. అంటే ప్రయాణం ఐదు గంటల పది నిమిషాలే. ఇక రెండు దీవుల మధ్య దూరం తెలిస్తే, విమానం వేగంతో భాగించి ఎవరి లెక్క సరైందో చెప్పొచ్చు. ఉత్తరంలో విమానం రకం రాశారు. అది గంటకు రెండు వందల ముప్పై మైళ్ళు పోతుందని నా దగ్గర ఉన్న ఒక పుస్తకంలో ఉంది.

గోడ మీది ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలిచాను. దాదాపు పన్నెండు వందల తొంభై మైళ్ళు వచ్చింది. భాగిస్తే ఐదు గంటల ముప్పై ఏడు నిమిషాలు. నా లెక్కకూ పడలేదు, గోవిందప్ప లెక్కకూ పడలేదు. రెండింటికీ నడుమన నిలబడింది. మళ్ళీ కొలిచాను. అంతే వచ్చింది. నా ఎదురుగా కూర్చున్న మనుషులు నా స్కేలు వైపు దేవుడి విగ్రహాన్ని చూసినట్టు చూస్తున్నారు.

కుళ్ళాయమ్మ లేచి పటం దగ్గరికి వచ్చింది. గ్లోబు వైపు చూసింది. మళ్ళీ పటం వైపు చూసింది.

"గుండుగా ఉండేదాన్ని గోడకి పరిచినారు. సాగదీయకుండా ఎట్ల పరుస్తారు అయివారూ? సాగిన గుడ్డని కొలిస్తే ఎక్కువే వస్తాది."

నిజమే. బళ్ళో పటం తగిలించిన రోజునుంచీ నాకు తెలిసిన విషయమే. కంగారులో మరిచిపోయాను. ఒప్పుకోవడానికి నామోషీ వేసింది గానీ గ్లోబు ఆమె వైపు జరిపాను.

ఆమె నడుముకు దోపుకున్న చిన్న సంచిలోంచి పట్టుపోగు తీసింది. ఒక కొస వేక్ చుక్క మీద బొటనవేలితో అదిమి, పోగును బిగించి మిడ్వే చుక్కదాకా లాగి, గోటితో గిల్లి తెంచింది. రెండంగుళాలు కూడా లేదు. అంత చిన్న ముక్కను స్కేలు మీద పెడితే వెంట్రుకవాసి తేడాకు ఇరవై మైళ్ళు అటూ ఇటూ అవుతుందని నేను సందేహిస్తున్నాను. ఆమె స్కేలు అడగలేదు.

"ఈ గుండు చుట్టుకొలత మీకు తెలుసు కదా?"

"భూమధ్యరేఖ దగ్గర ఇరవై ఐదు వేల మైళ్ళు."

ఆమె ఆ ముక్కను భూమధ్యరేఖ మీద పెట్టి, కొస దగ్గర గోరు ఆనించి, మళ్ళీ అక్కడినుంచి పెట్టి, గ్లోబును తిప్పుకుంటూ పోయింది. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టింది. ఎనిమిదో తొమ్మిదో దగ్గర నరసక్క కూడా బల్ల మీదనుంచి లేచి వచ్చి ఆమెతో కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తాను చూడనుకూడా చూడకూడదనుకున్న మనిషి పక్కనే నిలబడి, పెదవులు కదుపుతూ. ఇరవై ఒకటి దగ్గర పోగు కొస మొదటి గుర్తుకు వచ్చి చేరింది.

ఇరవై ఐదు వేలను ఇరవై ఒకటితో భాగించాను. పదకొండు వందల తొంభై మైళ్ళు. దాన్ని రెండు వందల ముప్పైతో భాగించాను. ఐదు గంటల పది నిమిషాలు.

నేను ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. కుళ్ళాయమ్మ తల ఊపింది. చాలా సంతోషం వేసింది. ఒక మనిషి చావు గురించిన లెక్క అని ఆ క్షణంలో గుర్తులేదు. లెక్క కుదిరింది, అంతే.

"ఉత్తరంలో తప్పు లేదు. మనకు సోమవారం పొద్దున ఆరుకు విమానం లేచింది. సరిగ్గా నడుమ అంటే రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు. ఎనిమిదీ ముప్పై ఐదు. ముహూర్తం ఎనిమిదీ పదికి. తాళి కట్టిన ఇరవై ఐదు నిమిషాలకు పోయినాడు ఆయన."

నరసక్క రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. గోవిందప్ప నల్లబల్ల వైపు చూసి, "గట్టిగా చెప్తాండావా అయివారూ?" అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. ఉత్తరం నా చేతిలోనే ఉంది. నడుమ ఉండగా పోయినట్టు పైలట్ రాశాడు. కుర్చీలో నిద్రపోతూ పోయిన మనిషి ఏ నిమిషాన పోయాడో పైలట్‌కు ఎలా తెలుస్తుంది? ఆయన రాసింది తనకు తెలిసిన వేళ. చూసిన వేళ. అంతకు పది నిమిషాల ముందు పోయి ఉండొచ్చు, గంటన్నర ముందు పోయి ఉండొచ్చు. ఆ ఇరవై ఐదు నిమిషాలు గాలిలో దీపం. నేను వేసిన భాగహారమంతా ఆ ఒక్క మాట దగ్గర కూలిపోతుంది.

తల ఎత్తాను. కుళ్ళాయమ్మ నన్నే చూస్తోంది. కళ్ళు ఆర్పడం లేదు.

"గట్టిగానే," అన్నాను. చేతిగుడ్డతో నల్లబల్ల తుడిచేశాను. మామూలుగా నేను పిల్లల చేత తుడిపిస్తాను.

ఆ మధ్యాహ్నం బండికే కమలాక్షి హిందూపురం వెళ్ళింది. వెళ్ళేముందు పెద్దమ్మ కాళ్ళకు మొక్కి లేవనంటే కుళ్ళాయమ్మ రెక్క పట్టుకుని లేపి, "పో, బండి పోతాది," అంది. తర్వాత ఆమె ధర్మవరం బండికోసం స్టేషనులో ఒక్కతే కూర్చుంది. నేను అటుగా పోవాల్సి ఉన్నా పోలేదు.

నాకు సిగ్గుగానే ఉండింది. అబద్ధం ఆడినందుకు కాదు. ఆ అబద్ధం మంచిదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. ఒక లెక్కను సగంలో వదిలి మొత్తం చేసినట్టు మార్కులు వేసుకున్నందుకు. ఆ దురద ఆగక చేనేత శాఖ చిరునామాకు యోహాను పేరు మీద ఉత్తరం రాశాను. శ్రీరాములు పోయిన సమయం ఖచ్చితంగా తెలిస్తే చెప్పమని. జవాబు రాలేదు. రెండేళ్ళు గడిచాయి.

1957లో ఎండాకాలం సెలవుల్లో యోహాను నేరుగా నా ఇంటికే వచ్చాడు. పొడుగ్గా, బక్కగా ఉండే మనిషి. అమెరికానుంచి వచ్చాక మద్రాసులో ఉండి, ఈ మధ్యే హిందూపురానికి బదిలీ అయ్యాడట. నా ఉత్తరం ఆఫీసు కట్టల్లో తిరిగి తిరిగి చేరిందట. జేబులోంచి మూటకట్టిన చేతిరుమాలు తీసి విప్పాడు. అందులో ఒక చేతి గడియారం, నాలుగు మడతలు పెట్టిన శుభలేఖ ఉన్నాయి.

"ఈ గడియారాన్ని ఆయన ఒక్కసారి కూడా మార్చలేదు సార్. ప్రతి ఊళ్ళోనూ దిగినప్పుడు నేను మార్చుకునేవాణ్ణి. అన్నా, మీరూ మార్చుకోండి అంటే వినేవాడు కాదు. అది వాండ్ల టైము, నాకు మా టైము సాలు అనేవాడు. ఇప్పుడు ఇంటి దగ్గర మగ్గంమీద ఎవరు కూర్చున్నారో, నీళ్ళకు ఎవరు పోయినారో దాన్ని చూసే చెప్పేవాడు."

ఆ రోజు వేక్‌లో విమానం లేచాక, శ్రీరాములు గడియారం చూసుకుని, జేబులోంచి శుభలేఖ తీసి యోహాను చేతిలో పెట్టాడట. అప్పుడు ఆ గడియారంలో ఏడున్నర. "ఇంకా నలభై నిమిషాలుండాది. నాకు కండ్లు మూతబడ్తాండాయి. ఎనిమిదీ పదికి నన్ను లేపప్పా, ఈడనే అక్షింతలు వేస్తా," అన్నాడట. బయలుదేరేటప్పుడు కాగితంలో పొట్లం కట్టుకున్న అక్షింతలు పై జేబులో ఉన్నాయట. ఎనిమిదీ పదికి యోహాను లేపాడు. ఆయన లేవలేదు. ఆ తర్వాత విమానంలో పనిచేసేవాళ్ళు వచ్చి, ప్రయాణికుల్లో డాక్టరు ఉన్నాడేమో వెతికి, ఆయన వచ్చి చూసి, పైలట్‌కు చెప్పేసరికి ఎనిమిదీ ముప్పై ఐదు.

నేను అనుమానించినట్టే అయింది. తాళి కట్టే వేళకు ఆయన లేడు.

"గడియారం ఇచ్చేసి వద్దాం. ఈ గంటల సంగతి మాత్రం ఎత్తకండి," అన్నాను.

యోహాను ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి. ఇబ్బందిగా తల ఊపాడు. ఇద్దరం మర్నాడు పొద్దున బండికి ధర్మవరం వెళ్ళాం.

కుళ్ళాయమ్మ చాప వేసి మజ్జిగ ఇచ్చింది. మగ్గం గుంటలో ఎవరూ లేరు. ఆమె ఇతరులకు పట్టు చుట్టి ఇస్తూ బతుకుతోంది. కమలాక్షి బాగుందనీ, నీళ్ళోసుకుందనీ, నాలుగో నెల అనీ చెప్పింది. చెప్పేటప్పుడు సంతోషం కంటే బెదురు ఎక్కువ కనబడింది. యోహాను చేతిరుమాలు విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె గడియారం ముట్టుకోలేదు. యోహాను మొహంలోకి చూసింది.

"ఎప్పుడు పోయినాడు సారూ? చూసిన గంట కాదు. పోయిన గంట చెప్పండి."

యోహాను నా వైపు చూశాడు. నేను మజ్జిగ గ్లాసులోకి చూశాను. ఆయన ఇంకేం చేస్తాడు, అంతా చెప్పేశాడు. నాకు చెప్పినట్టే, ఒక్క ముక్క దాచకుండా.

"ఏడున్నరకి మాట్లాడినాడా?" అంది ఆమె.

"మాట్లాడినాడమ్మా."

"ఆయప్ప గడియారంలోనే ఏడున్నరా? మీ దాంట్లోనా?"

"ఆయన దాంట్లోనేనమ్మా. ధర్మవరం టైమే."

ఆమె ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతులనే చూసుకుంటూ కూర్చుంది.

"నేను తాడు పేనడం అయిపోయి పసుపు పూస్తాంటే ఏడు గంటల బండి కూసె," అంది. "నాకు బాగా గ్యాపకం. పసుపు చేతులతోనే వాకిట్లోకి వచ్చి, బండి వచ్చేసింది, మీరింకా తానాలు చేయలేదా అని అందరినీ అరిస్తి. ఏడున్నరకి ఆయప్ప ఉండాడంటే, నేను పేనేటప్పుడు ఉన్నట్లే కదా అయివారూ? ఇది మీరు లెక్కేసి చెప్పాల్సిన పని లేదు కదా?"

లేదన్నాను.

"ముహూర్తం వాండ్లది. తాడు నాది. రెండేండ్లు నాకు అదొక్కటే దిగులు. ఆ పిల్లకి జరమొస్తే నా చెయ్యే అనుకుంటి, దగ్గొస్తే నా చెయ్యే అనుకుంటి. కడుపు నిలిచిందని చెప్పి పంపిస్తే, సంతోషపడేదానికి గూడా భయమాయె."

"ఆ రోజు బళ్ళోనే చెప్పి ఉండొచ్చు కదమ్మా, తాడు ఏడు గంటలకే పేనినానని?"

"ఎవురడిగిరి? అందరూ ముహూర్తం ముహూర్తం అనిరి. మీరు గూడా. చెప్తే మాత్రం ఏముండాది? కూచున్నోడు కూచున్నట్లే పోతే, ఏడుకి పోయినాడో ఆరుకే పోయినాడో ఎవురికి తెలుసు? అది నాకూ తెలిసె, మీకూ తెలిసె. మీరు పలక తుడిస్తిరి. నేను నోరు మూసుకుంటి."

పన్నెండేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఏ దూరం కొలవాలో తెలియకుండానే అంత గట్టిగా కొలిచాను. కొలవాల్సింది ఈమె స్నానానికీ ఆ బండి కూతకూ మధ్య ఉన్న గంటను. అది ఈ ఇంట్లోనే ఉంది. అడిగితే చెప్పేది.

ఆమె గడియారాన్ని అప్పుడు చేతిలోకి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది. ఎప్పుడో నిలిచిపోయింది అది. శుభలేఖ మడతలు విప్పి, చదవడం రాకపోయినా చూసి, మళ్ళీ మడిచింది.

"లేపమని చెప్పె కదా సారూ. లేపితిరా?"

"లేపినానమ్మా."

"యాడనుంచో పిలిచినారా? దగ్గరికి పోయి లేపినారా?"

"పక్క కుర్చీనే కదమ్మా. భుజం మీద చెయ్యేసి, అన్నా, ముహూర్తమయింది లెయ్యి, అంటి. రెండుమార్లు అంటి."

"సరిగ్గా ఎనిమిదీ పదికేనా?"

"సరిగ్గా."

ఆమె తల ఊపింది. నల్లబల్ల మీద నేను గీతలు గీసిన అంకెకు ఆ రోజు ఊపినట్టే ఊపింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. యోహాను కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నేను లేచి బయటికి వచ్చి, హిందూపురం బండి ఎన్ని గంటలకో పక్కింటివాళ్ళను అడిగాను.

నేను లోపలికి వచ్చేసరికి ఆమె మొహం కడుక్కుని, ఒక పోగు తీసుకుని గడియారాన్ని మగ్గం కంబానికి కట్టి ఉంది. కీ ఇచ్చి టైము పెట్టమంది. నా గడియారం చూసి పదకొండూ పది పెట్టాను. ఆ రోజు విమానం మిడ్వేలో దిగినప్పుడు మనకు అయిన టైమే అది.